ఊదా అంచు

మౌకియానస్ ఏ వస్తువును సూటిగా చూస్తే ఆ వస్తువు మాయమయ్యేది. ఇది మొదలై మూడేళ్ళయింది. ఎదుటి మనిషి ముఖం వైపు చూస్తే ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మసక, దాని చుట్టూ చెవులు, భుజాలు, వెనక గోడ. పళ్ళెంలో రొట్టెను చూస్తే రొట్టె పోయి పళ్ళెం అంచు మిగిలేది. ఎదురుగా ఉన్నది కావాలంటే పక్కకు చూడాలి. రంగులు అంతకుముందే ఒకదాని వెంట ఒకటి సెలవు తీసుకున్నాయి. తెలుపు మాత్రం నమ్మకంగా నిలిచింది. మెరుపు కూడా.

అతని ఉద్యోగం చక్రవర్తికి కాపలా.

వినేవాళ్ళకు ఇది విడ్డూరంగా తోచవచ్చు. ఆ ఉద్యోగం ఎలాంటిదో తెలిసినవాళ్ళకు తోచదు. కాన్‌స్టాంటినోపుల్ రాజభవనంలో కాపలా దళాలు ఏడు. ఆ ఏడింటిలోంచి పొడగరులను, పలువరసా భుజాలూ బాగున్నవాళ్ళను నలభైమందిని ఏరి వేరుగా పెట్టారు. వాళ్ళకు తెల్లని అంగీలు, మెడలో బంగారు కంటెలు. దర్బారు జరిగేటప్పుడు ఇటు ఇరవైమంది, అటు ఇరవైమంది ఈటెలు పట్టుకుని నిలబడాలి. కదలకూడదు. తుమ్మకూడదు. చక్రవర్తి ముఖం వైపు చూడకూడదు. ఈ చివరి నియమమే మౌకియానస్‌ను కాపాడుతూ వచ్చింది. చూడకూడని ముఖం కనబడకపోతే నష్టమేముంది? కళ్ళలో వత్తులు వేసుకుని కాయాల్సిన చోట అతను మూడేళ్ళు చూపు లేకుండా కాశాడు. ఆ మూడేళ్ళలో చక్రవర్తికి ఏ ఆపదా రాలేదు. అంతకుముందు ఇరవై ఒక్క ఏళ్ళు, కళ్ళు బాగున్న రోజుల్లో కూడా రాలేదు.

సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. మొదటి మనిషి అతని భార్య దొమ్నిక. ఒకనాటి సాయంత్రం అతను ఉప్పు చేపను ముల్లుతో సహా నోట్లో పెట్టుకోవడం ఆమె చూసింది. మర్నాటి నుంచి ముళ్ళు తీసి పెట్టడం మొదలుపెట్టింది. వారం తర్వాత అతనే అడిగాడు, ఈమధ్య చేపలకు ముళ్ళు తగ్గాయేమిటని. "ముసలి చేపలు. వాటికీ అరిగిపోయుంటాయి" అంది. ఆ పూట నుంచి ఇద్దరి మధ్యా దాపరికం లేదు. రోజూ పొద్దున అతను బయలుదేరే ముందు తెల్లని అంగీ మీద మరకలున్నాయేమోనని ఆమె అంగుళం అంగుళం వెతికేది.

రెండో మనిషి సిందిల. గోతు జాతివాడు, మౌకియానస్ కన్నా పదేళ్ళు చిన్న, వరసలో అతనికి ఎడమపక్క నిలబడేవాడు. అతనికి తెలిసిన విధం వేరు. కాపలావాళ్ళ గదిలో ఒకరోజు మౌకియానస్ గోడకు తగిలించిన పైబట్టతో మాట్లాడుతూ దొరికిపోయాడు.

"దారికి అడ్డం నిలబడ్డావు, జరుగు" అంటున్నాడు.

"ఎవర్ని, అన్నా?" సిందిల వెనక నుంచి అడిగాడు.

మౌకియానస్ గొంతు వచ్చిన వైపు తిరిగాడు. "నిన్నే."

"నేనిక్కడున్నా. అది దళపతిగారి పైబట్ట. ఎంతసేపు తిట్టినా పలకదు. దాన్ని కప్పుకునే ఆయన కన్నా మర్యాద తెలిసింది."

గదిలో ఇంకెవరూ లేరు. సిందిల తలుపు దగ్గరగా వేసి వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. "ఎన్నాళ్ళ నుంచి?" అని మాత్రం అడిగాడు. అప్పటి నుంచి వరస కదలాల్సినప్పుడు సిందిల మోచెయ్యి మౌకియానస్ ఈటెకు తగిలేది. మెట్లు వస్తే దగ్గు వినబడేది. బల్ల మీద పాచికలు పడగానే సిందిల వాటిని పైకి చదివేవాడు, అందరివీ చదివేవాడు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. లెక్క పెట్టడం కొత్తగా నేర్చుకున్నాడని వెక్కిరించేవారు.

కొలువులో ఇరవై నాలుగేళ్ళు నిండితే కాపలాదారుకు శాశ్వతంగా సెలవు. ఆ సెలవు ఇచ్చే పద్ధతి ఒకటుంది. అతను ఒంటరిగా కొలువుగది ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, చక్రవర్తి ముందు సాష్టాంగపడి, ఆయన ఊదా వస్త్రపు అంచును ముద్దు పెట్టుకోవాలి. అలా అంచు తాకి వెళ్ళినవాడికి బతికున్నన్నాళ్ళూ రోజుకు ఆరు రొట్టెలు, అతని తర్వాత భార్యకు కూడా అవే ఆరు. తాకకుండా వెళ్ళినవాడికి వీధి. ఇక చూపులేనివాడు మూడేళ్ళు చక్రవర్తికి పది అడుగుల దూరంలో ఈటె పట్టుకుని నిలబడ్డాడని బయటపడితే, దాన్ని జబ్బు అనరు. కుట్ర అంటారు. పక్కన నిలబడి దాచినవాడి మెడలో కంటె తీసేసి డాన్యూబ్ నది ఒడ్డున ఏదో కోటకు పంపిస్తారు. సిందిలకు నలుగురు పిల్లలు.

అంచు తాకడంలో ఇంకో గండం ఉంది. ఆ మొక్కు చక్రవర్తి ఒక్కడికే చెల్లుతుంది. ఇంకొకరి ముందు అలా పడ్డాడంటే ఆ ఇంకొకరిని చక్రవర్తిగా ఒప్పుకున్నట్టు. మొక్కినవాడి తలా, మొక్కు అందుకున్నవాడి తలా నిలవవు. ఎప్పుడో పర్షియా నుంచి వచ్చిన దూత వెంట దుబాసీ ఒకడు కంగారులో తెల్లబట్టల కాపలాదారు కాళ్ళ మీద పడ్డాడు. పరదేశి కాబట్టి నవ్వి వదిలేశారు. ఇరవై నాలుగేళ్ళు ఆ గదిలోనే నిలబడినవాడు అదే పని చేస్తే ఎవరూ నవ్వరు.

అందుకని డిసెంబరు నుంచే దొమ్నిక అతని చేత సాధన చేయించింది. కొలువుగది పాలరాతి నేలలో ఊదారాతి చక్రాలు మూడు పొదిగి ఉన్నాయి. ఒక్కో చక్రం దగ్గర ఆగి వంగాలి. పాలరాయి కన్నా ఆ రాయి నున్నగా, చల్లగా ఉంటుంది. పలచని తోలు జోడు వేసుకుంటే పాదానికి తెలిసిపోతుంది. తలుపు నుంచి మొదటి చక్రానికి పదకొండు అడుగులు, అక్కడి నుంచి తొమ్మిది, మళ్ళీ తొమ్మిది. మూడో చక్రం మీద పడుకుంటే అంచు చేతికి అందుతుంది. వాళ్ళు ఉండేది రేవు దగ్గర మూడంతస్తుల ఇంట్లో పై వాటా. అందులో ఇరవై తొమ్మిది అడుగులు పట్టవు. దొమ్నిక మిద్దె మీద మూడు తడిగుడ్డలు పరిచి, చివర పీట వేసుకుని కూర్చుని, తన గోధుమరంగు శాలువా కొస చేత్తో పట్టుకుని చాచేది.

"వంకరగా వస్తున్నావు. నేను చక్రవర్తిని, అటుపక్కది పావురాల గూడు."

అతను సర్దుకుని వచ్చి పడుకుని శాలువా కొసను ముద్దు పెట్టుకునేవాడు. ఉల్లిపాయ వాసన వచ్చేది.

"ఇన్నేళ్ళ కాపురంలో రోజూ ఇలా మొక్కి ఉంటే ఎప్పుడో బాగుపడేవాడివి" అంది ఒకరోజు.

"అప్పుడు చక్రవర్తికి తెలిస్తే ఇద్దర్నీ చంపేవాడు."

"చంపితే చంపేవాడు. లే, మోకాళ్ళు పట్టేస్తాయి. మళ్ళీ మొదటి నుంచి."

జనవరి మూడో వారం నాటికి అతను మిద్దె మీద కళ్ళు మూసుకుని నడిచినా మూడు గుడ్డల మీదా సరిగ్గా ఆగుతున్నాడు. సెలవు రోజు నెలాఖరున. అన్నీ కుదిరాయనుకుంటుండగా గెరోంతియస్ వచ్చాడు.

గెరోంతియస్ మౌనాధికారి. దర్బారులో నిశ్శబ్దం పాటింపజేయడం అతని పని. చేతిలో బంగారు పూత వేసిన కర్ర ఉండేది, దాంతో నేల మీద మూడుసార్లు తడితే ఊపిరి కూడా నెమ్మదిగా తీయాలి. కడుపులో గుర్రుమన్నందుకు ఒక కాపలాదారును నెలరోజులు గుర్రపుశాలకు పంపాడని చెప్పుకునేవారు. అడుగుల చప్పుడు వినిపించని మనిషి. మౌకియానస్‌కు అతనంటే భయం. కనపడనివాళ్ళు చాలామంది ఉన్నా, వినపడనివాడు ఇతనొక్కడే.

మధ్యాహ్నం కాపలావాళ్ళ గదిలో సిందిల పప్పు తింటున్నాడు, మౌకియానస్ జోడు తుడుచుకుంటున్నాడు. గొంతు పక్కనుంచే వచ్చింది.

"మౌకియానస్. ఎప్పుడు చూసినా నీ తల పక్కకే తిరిగి ఉంటుందేం? చక్రవర్తి ఉన్నా గోడే, నేనున్నా గోడే."

"అలవాటైపోయింది అయ్యగారూ. భక్తి."

"ఊఁ. మరీ ఎక్కువ భక్తి. ప్రభువులవారు నెలాఖరుకు నగరంలో ఉండరు. వేడినీళ్ళ ఊటలకు వెళ్తున్నారు. నీ సెలవు రేపు పొద్దుటికి మార్చాం. అంగీ ఉతికించుకో."

వెళ్ళిపోయాడు, లేక వెళ్ళినట్టు సిందిల చెప్పాడు. మాట్లాడాల్సింది ఇద్దరికీ తెలుసు. ఆ వారం కొలువుగదిలో కొత్త కాన్సుల్ సత్కారాలు జరుగుతున్నాయి. ఆ ఏడాదికి తన పేరు పెట్టుకునే గౌరవం దక్కినవాడు, యుద్ధాల్లో పేరుమోసిన సేనాని. అతని కోసం నేలంతా దళసరి తివాచీలు పరిచారు. అతనికి చక్రవర్తి పక్కనే, అదే వేదిక మీద కుర్చీ వేశారు. జరీ బట్టల్లో ఆ కుర్చీలో కూర్చుంటే దూరం నుంచి చక్రవర్తికి తోబుట్టువులా ఉన్నాడని బయట జనం అనుకునేవారు. బయట మాత్రమే అనుకునేవారు.

"చక్రాలు తివాచీల కింద ఉన్నాయి" అన్నాడు మౌకియానస్.

"ఉన్నాయి."

"కుర్చీలు రెండు."

"కుడిపక్కది ప్రభువుది. నిన్న అదే, మొన్న అదే. నీ కుడిచేతి వైపు. అది గుర్తుపెట్టుకో చాలు." సిందిల గిన్నె కింద పెట్టాడు. "వరస అయిపోయేదాకా నడువు. తెలుపు కనిపిస్తుంది కదా నీకు? మా బట్టలు పక్కనుంచి పోతుంటాయి. మా చివరివాడు దాటగానే ఆగు. అదే మూడో చక్రం. దారి తప్పుతున్నావనుకో, నేను ఈటె మడమ నేలకు తాటిస్తా."

"తివాచీ మీద తాటిస్తే చప్పుడేం వస్తుంది?"

"అయితే తుమ్ముతా."

"తుమ్మితే గుర్రపుశాల."

"గుర్రాలు మంచివన్నా. నీలాగా గోడ వైపు చూడవు."

"నువ్వు కదలకు" అన్నాడు మౌకియానస్. "నేను పోతే నేనొక్కణ్ణే పోవాలి. నీకేమీ తెలీదు. ప్రమాణం చెయ్యి." సిందిల ప్రమాణం చేయలేదు, పప్పు గిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. గెరోంతియస్ కావాలనే రోజు మార్చాడా అన్న అనుమానం ఇద్దరికీ కలిగింది. ఇద్దరూ పైకి అనలేదు.

ఇంటికి వచ్చి చెబితే దొమ్నిక గాబరాపడలేదు. అంగీని చవుడు మట్టితో రుద్దుతూ అంతా విన్నది. ఆమె పుట్టిల్లు అద్దకంవాళ్ళ వీధి.

"అసలైన ఊదా సముద్రపు నత్తల్లోంచి తీస్తారు" అంది. "ఆ రంగు చక్రవర్తి ఒంటికి తప్ప వేయకూడదు. కాన్సుల్‌వాళ్ళకు వేసేది నాచులోంచి తీసిన ఊదా, మా నాన్న వేసేదే. చూడ్డానికి రెండూ ఒకటే. నత్తది మాత్రం ఎన్ని అత్తరులు పోసినా వాసన పోదు. రేవులో ఎండేసిన వలల కంపు."

"వాసన తెలియాలంటే ముక్కు దగ్గర పెట్టాలి. ముక్కు పెట్టేసరికి మొక్కడం అయిపోతుంది కదే."

దొమ్నిక చేతులు ఆగాయి. "అవును సుమా" అంది. కాసేపయ్యాక, "అయినా తెలుసుకుని పో. మంచిదైతే అప్పుడన్నా గుండె కుదుటపడుతుంది" అని మళ్ళీ రుద్దడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున మంచు పడింది. కొలువుగది బయట తెర వెనక మౌకియానస్ ఒక్కడే నిలబడ్డాడు. మిగతా ముప్ఫై తొమ్మిదిమంది లోపల వరసల్లో ఉన్నారు. చక్రవర్తి ఇచ్చేది ఏదైనా వట్టి చేతులతో తీసుకోకూడదు కాబట్టి అతని చేతుల మీద పైబట్ట కొస కప్పి ఉంది. కుడి, కుడి అని లోలోపల అనుకుంటున్నాడు. అంతలో తెర అవతల నుంచి పరిచారకుడి మాట వినిపించింది. మెల్లగా అన్న మాటే.

"కిటికీ సందులోంచి గాలి ప్రభువుల మీద కొడుతోంది. కుర్చీలు మార్చండి, తొందరగా."

ఏదో బరువైనది ఎత్తిన చప్పుడు, దించిన చప్పుడు. ఏది ఎటు మార్చారో మౌకియానస్‌కు తెలియదు. కొంచెం వెనక్కి జరిపారో, అటుది ఇటు వేశారో. కర్ర మూడుసార్లు తట్టింది. తెర పక్కకు పోయింది.

నడిచాడు. పదకొండు అడుగులు వేసి వంగాడు. పాదాల కింద ఉన్ని తప్ప ఏమీ లేదు. ఇసుకలో నడిచినట్టు అడుగు కురచబడుతోందని తెలుస్తోంది. లెక్క వదిలేశాడు. చూపు ఎదురుగా పెడితే ఎదురంతా మసక. అందుకని చూపుకు రెండు పక్కలా ఉన్నదాన్ని నమ్ముకున్నాడు. తెల్లని పట్టీలు రెండు, అటూ ఇటూ, మెల్లగా వెనక్కి పోతున్నాయి. అందులో ఒక్కొక్కరి పేరూ అతనికి తెలుసు. ఎవరి మోకాలు నొప్పిగా ఉంటుందో, ఎవరు నిలబడి నిద్రపోగలరో తెలుసు. వరస మధ్యలో ఒకచోట ఖాళీ వచ్చింది, మనిషి పట్టేంత. అది తన చోటు. దాని పక్కన సిందిల. సిందిల తుమ్మలేదు. మౌకియానస్ రెండోసారి వంగి లేచాడు.

తెలుపు అయిపోయింది. ఆగాడు.

ఎదురుగా రెండు మెరుపులు. సూటిగా చూస్తే రెండూ పోతున్నాయి. తల కొంచెం తిప్పితే రెండూ వస్తున్నాయి. ఒకే ఎత్తు, ఒకే జరీ. రంగు ఉండాల్సిన చోట బూడిద. కుడిదా, ఎడమదా? నిన్నటి మాట ప్రకారం కుడి. ఇవాళ గాలి ప్రకారం ఎడమ కావచ్చు. సాష్టాంగపడే ముందు భక్తితో కాసేపు ఆగడం మామూలే, మూడు ఊపిరులంత. మూడూ అయ్యాయి. నాలుగోది తీసుకుంటుండగా గది నిశ్శబ్దంలో ఏదో మారిందని అతనికి తెలిసింది. నిశ్శబ్దంలో ఇరవై నాలుగేళ్ళు నిలబడినవాడికి అది తెలుస్తుంది. ఎవరో తనను చూస్తున్నారు. అందరూ చూస్తున్నారు.

ఆరో ఊపిరికి కుడిపక్క మెరుపు ఆరిపోయింది.

ఆరిపోలేదు, ఏదో నల్లని ఆకారం దానికి అడ్డం వచ్చింది. అడుగుల చప్పుడు లేదు. అడుగుల చప్పుడు లేకుండా వచ్చేవాడు ఆ గదిలో ఒక్కడే. ఆ ఆకారం వంగి తివాచీ మీద చెయ్యి పెట్టింది, ముడత సరిచేస్తున్నట్టు. మౌకియానస్‌కు మొదట కలిగింది భయమే. పట్టుకోవడానికి వచ్చాడనుకున్నాడు. లేదా తన ప్రభువును ఈ ముసలాడి నుంచి కాపాడడానికి ఆయనకు అడ్డంగా నిలబడ్డాడేమో. అదే అయితే కుడివైపే చక్రవర్తి.

ఆకారం లేచి నిలబడింది. అప్పుడు కర్ర మెరిసింది. చూపు అంచున, సన్నగా, నిలువుగా. కర్ర గెరోంతియస్ ముందు ఉంటుంది, ఎప్పుడూ రెండు చేతులతో ఛాతీకి ఎదురుగా పట్టుకుంటాడు. కర్ర తనకు కనబడుతోందంటే గెరోంతియస్ ముఖం తన వైపు ఉంది. ముఖం తన వైపు ఉంటే వీపు ఆ కుర్చీ వైపు ఉంది. ఆ భవనంలో వంటవాడి నుంచి సేనాని దాకా, తాగినవాడైనా, పిచ్చివాడైనా, చక్రవర్తికి వీపు చూపేవాడు లేడు. బయటికి వెళ్ళేటప్పుడు కూడా వెనక్కి నడిచే పోతారు. గెరోంతియస్ మరీనూ.

మౌకియానస్ ఎడమకు ఒక అడుగు జరిగి సాష్టాంగపడ్డాడు.

కప్పిన చేతులు చాచాడు. వాటి మీద ఒక బట్ట కొస వచ్చి వాలింది, బరువుగా, జరీ గరగరలాడుతూ. ముఖం దించి ముద్దు పెట్టుకున్నాడు. గులాబి అత్తరు. దాని కింద దాల్చినచెక్క. ఇంకా కింద, ఎక్కడో లోతున, ఎండ్రకాయలు తిరిగే రేవులో రెండు రోజులు ఆరేసిన వలల కంపు.

అంత మంచి వాసన తన జన్మలో చూడలేదని ఆ తర్వాత దొమ్నికతో అన్నాడు.

వెనక్కి నడవడం తేలిక. వెనక్కి నడిచేటప్పుడు అందరూ గుడ్డివాళ్ళే.

నాలుగో రోజు సిందిల ఇంటికి వచ్చాడు. చేతిలో ఎండు అంజూరాలు. దొమ్నిక చేతికిచ్చి, గడప మీదే కూర్చుని జోడు మీది మంచు దులుపుకున్నాడు.

"నేను తుమ్మడానికి ఊపిరి పీల్చుకున్నా వదినా" అన్నాడు. "ముక్కు సిద్ధం. అప్పుడు కదిలాడు ఆయన."

"తివాచీ ముడత పడిందట కదా?" అంది దొమ్నిక.

"ముడతా? ఆ తివాచీ నలుగురు ఇస్త్రీ పట్టినట్టు సాగదీసి పరిచారు. ముడత ఏం లేదు." లోపల కూర్చున్న మౌకియానస్ వైపు తిరిగాడు. "కాన్సుల్‌గారు మండిపడ్డారన్నా. నిండు కొలువులో, పేరున్న మనిషికి, నౌకరు వీపు చూపించడమా అని. గెరోంతియస్‌ను పిలిపించి అడిగారు. ముడత ఉంది, ముసలాయన తట్టుకుని పడతాడనుకున్నానన్నాడట. ఎంతసేపు అడిగినా అదే మాట. కర్ర తీసేసుకున్నారు. ఈస్టరు దాకా బయటి కంచు తలుపు దగ్గర నిలబడాలి, వచ్చేపోయే బళ్ళను అదిలించుకుంటూ."

"నా గురించి ఏమన్నా..." అన్నాడు మౌకియానస్.

"ఏమీ లేదు. నీ పేరు పలకలేదట. 'ఆ ముసలాయన' అన్నాడట."

"గుడ్డి కన్నా ముసలి నయం" అని దొమ్నిక లోపలికి వెళ్ళింది. కుండలు సర్దిన చప్పుడు మామూలు కన్నా ఎక్కువసేపు వచ్చింది.

మర్నాడు పొద్దున రొట్టెలు ఇచ్చే మెట్ల దగ్గర మౌకియానస్ మొదటిసారి నిలబడ్డాడు. దొమ్నిక అతని చెయ్యి పట్టుకుని, ఎన్నో మెట్టు మీద ఉన్నారో చెబుతూ తీసుకొచ్చింది. సెలవుతో పాటు ఇచ్చిన కంచు బిళ్ళ చూపిస్తే ఆరు రొట్టెలు వచ్చాయి. ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఐదు ఆమె బుట్టలో పెట్టుకుంది. ఒకటి శుభ్రమైన గుడ్డలో చుట్టి అతని చేతికిచ్చింది.

"నేరుగా రెండు వందల అడుగులు. తర్వాత బళ్ళ చప్పుడు వినబడుతుంది. నేను ఈ మూల నుంచి చూస్తూంటా."

"నువ్వు రావా?"

"నాకెందుకు? మీరిద్దరూ పెద్దవాళ్ళు."

కంచు తలుపు దగ్గర గాలి సముద్రం మీద నుంచి సూటిగా కొడుతోంది. బళ్ళవాళ్ళు అరుచుకుంటున్నారు. వాళ్ళ మధ్య ఒక గొంతు, అరవడం అలవాటు లేని గొంతు, "పక్కకు తీయండి, పక్కకు" అంటోంది. మౌకియానస్ ఆ గొంతు దగ్గర ఆగి పైబట్ట కొస చేతుల మీద కప్పుకుని రొట్టెను చాచాడు.

"ఏమిటది?" అన్నాడు గెరోంతియస్.

"రొట్టె అయ్యగారూ."

"రొట్టేనని నాకు కనబడుతోంది. చేతుల మీద ఆ గుడ్డ తియ్యి. అది చక్రవర్తికి చేసే మర్యాద. నా దగ్గర చేశావంటే ఈస్టరు దాకా కాదు, ఇద్దరం శాశ్వతంగా ఇక్కడే ఉంటాం. ఈ తలుపు పైన, తలలు మాత్రం."

మౌకియానస్ గుడ్డ తీశాడు. వట్టి చేతుల్లోంచి వట్టి చేతుల్లోకి రొట్టె మారింది. అవతలి వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి.

"ఆ ముడత సంగతి..." అని మొదలుపెట్టాడు మౌకియానస్.

"సరిచేశాను."

బండి ఒకటి చాలా దగ్గరగా పోయింది. గెరోంతియస్ అతని భుజం పట్టుకుని గోడ వైపు లాగాడు, చెయ్యి వెంటనే తీసేశాడు. మౌకియానస్ ముఖాన్ని పక్కనున్న స్తంభం వైపు తిప్పుకున్నాడు. అలా తిప్పితే చూపు అంచున గెరోంతియస్ కనిపించాడు. ఇరవై ఏళ్ళుగా భయపడిన మనిషి ఇంత పొట్టివాడని అతను ఎప్పుడో మరచిపోయాడు. గుండ్రటి ముఖం, నెత్తి మీద ఉన్ని టోపీ, చలికి ముడుచుకున్న మెడ.

"ఎటు చూస్తున్నావు?" అన్నాడు గెరోంతియస్.

"మీ వైపే అయ్యగారూ."

"తెలుసు" అన్నాడతను. రొట్టెను రెండు ముక్కలు చేశాడు. పెద్దది తను ఉంచుకున్నాడు.